కెనెమా నుంచి లింబాయత్‌కు

ఆఫ్రికాలో పిల్లల వార్డు చూసి సూరత్‌లోని తెలుగు నేతన్నల వాడకు తిరిగొచ్చిన ఓ డాక్టర్‌కు దూరదేశం కన్నా పుట్టిన వాడే కొత్తగా తోస్తోంది

రాత్రి ఏడు గంటలకు లింబాయత్‌లో షిఫ్టు మారుతుంది. పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడ్డవాళ్లు బయటికొస్తారు. మరో పన్నెండు గంటలు నిలబడాల్సినవాళ్లు లోపలికెళ్తారు. ఆ పావుగంటా సందుల్లో మనుషులు తప్ప నేల కనిపించదు. చెవుల్లో మోత ఇంకా తగ్గలేదు కాబట్టి అందరూ గట్టిగానే మాట్లాడుకుంటారు. గుజరాత్ నడిబొడ్డున ఉన్నా ఇక్కడ గుజరాతీ కన్నా మరాఠీ, హిందీ, ఒడియా, తెలుగే ఎక్కువగా చెవినపడతాయి. ఆ తెలుగు కూడా నల్లగొండ, వరంగల్, కరీంనగర్‌ల తెలుగు.

సరిగ్గా అదే వేళకు ఆ గుంపుకు ఎదురుగా ఒకాయన నడిచి వెళ్తుంటారు. భుజానికో నల్ల సంచి, కాళ్లకు రబ్బరు చెప్పులు. 38 ఏళ్ల ఈ పిల్లల డాక్టర్ 2025 ఏప్రిల్‌లో ఇల్లు చేరారు. అంతకు ముందు రెండున్నరేళ్లు పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో, కెనెమా జిల్లాలో ఓ స్వచ్ఛంద సంస్థ నడిపే పిల్లల ఆస్పత్రిలో పనిచేశారు. పేరు అచ్చులో చూసుకోవడం ఆయనకు ఇష్టం లేదు. వాడలోవాళ్లు మాత్రం ఆయనకు ఓ పేరు పెట్టేశారు: ఆఫ్రికా డాక్టర్. అది ఆయనకు అంతకన్నా ఇష్టం లేదు. ఆఫ్రికాలో యాభైకి పైగా దేశాలున్నాయనీ, తాను చూసింది అందులో ఒక దేశంలో ఒక జిల్లా మాత్రమేననీ మొదట్లో ఓపిగ్గా చెప్పేవారు. ఇప్పుడు చెప్పడం మానేశారు.

బయటి దేశంలో పని కష్టమని వెళ్లేముందు అందరూ హెచ్చరించారు. తిరిగి రావడం కష్టమని ఎవరూ చెప్పలేదు.

ఏడు భాషల బడి

సూరత్ రైల్వే స్టేషన్‌కు ఆగ్నేయంగా, పట్టాల అవతల ఉంటుంది లింబాయత్. రైలు కట్ట కింది నుంచి వెళ్లే దారిని ఇక్కడ గర్‌నాలా అంటారు. గట్టి వాన పడితే అది చెరువవుతుంది, అటువైపు వాళ్లు అటే, ఇటువైపు వాళ్లు ఇటే. వాడ పక్కనుంచే మీఠీ ఖాడీ పారుతుంది. 'మీఠీ' అంటే తీపి. ఆ కాలువ దగ్గరికెళ్తే ఆ పేరు ఎప్పుడో మంచి రోజుల్లో పెట్టారని అర్థమైపోతుంది.

సూరత్‌లో మరమగ్గాలు లక్షల్లో ఉన్నాయి. దేశంలో తయారయ్యే కృత్రిమ నూలు బట్టలో పెద్ద వాటా ఈ నగరానిదే. ఆ మగ్గాలు నడిపే చేతులు మాత్రం బయటి నుంచి వచ్చినవి. మహారాష్ట్రలోని ఖాందేశ్ నుంచి, ఒడిశాలోని గంజాం నుంచి, ఉత్తరప్రదేశ్, బీహార్‌ల నుంచి, తెలంగాణ నుంచి వచ్చినవాళ్లు. చేమగ్గం చేతికి అన్నం పెట్టని రోజులొచ్చినప్పుడు తెలంగాణ పద్మశాలీలు మొదట షోలాపూర్, ముంబై, భివండీలకు వెళ్లారు. తర్వాత సూరత్ బాట పట్టారు. వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బల్లార్షా, వార్ధా, భుసావళ్, నందుర్బార్ మీదుగా సూరత్‌లో దిగొచ్చు. ఒక పగలూ ఒక రాత్రీ దాదాపుగా రైల్లోనే గడుస్తాయి. లింబాయత్‌లోని చాలా తెలుగు ఇళ్ల కథ ఆ రైలు జనరల్ బోగీలోనే మొదలైంది.

డాక్టర్ తండ్రి కూడా అలా వచ్చినవారే. నల్లగొండ జిల్లాలో గుంట మగ్గం వదిలి, ఇక్కడ సేఠ్ దగ్గర సాంచాలకు కుదిరారు. ఆయన సాంచాలు నడిపితే తల్లి ఇంట్లో కండెలు చుట్టేవారు. కొడుకు కార్పొరేషన్ తెలుగు బడిలో ఓనమాలు దిద్దాడు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు... ఇలా ఏడు మాధ్యమాల్లో బడులు నడుపుతుంది. దేశంలో అలా నడిపే నగరాలు చాలా తక్కువ. నేతపనివాడి కొడుకు డాక్టరవడానికి ఆ బడి మొదటి మెట్టు.

బతుకమ్మ పండగొస్తే లింబాయత్ సందుల్లో తంగేడు, గునుగు దొరకవు. బంతిపూలతోనే పేర్చుకుంటారు. ఓ తమాషా కూడా ఉంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల పంపిణీ మొదలుపెట్టినప్పుడు వ్యవధి చాలక కొంత సరుకు సూరత్ నుంచి తెప్పించింది. అవి చవకరకం పాలియెస్టర్ చీరలంటూ అక్కడ కొన్నిచోట్ల ఆడవాళ్లు తగలబెట్టారు. ఊరు వదిలి వచ్చి ఇక్కడ సాంచాలు నడుపుతున్నవాళ్లు ఆ మంటలను టీవీలో చూశారు. సొంత ఊరి పండక్కి తాము నేసిన బట్ట వెళ్లి ఉంటుందేమోనని సంతోషించాలో, అది కాలిపోతోందని బాధపడాలో వాళ్లకు తెలియలేదు.

రాయి వచ్చిన దారి

కెనెమా, లింబాయత్‌ల మధ్య ఎవరికీ కనిపించని దారి ఒకటుంది. ప్రపంచంలో అమ్ముడయ్యే వజ్రాల్లో సంఖ్యపరంగా పదింట తొమ్మిది సూరత్‌లోనే సానబెడతారన్నది తెలిసిన లెక్కే. ఆ ముడిరాళ్లలో చాలావరకు ఆఫ్రికావి. సియెర్రా లియోన్‌లో 1930లో వజ్రాలు బయటపడ్డాయి. కోనో, కెనెమా జిల్లాలు వాటికి పేరుపడ్డాయి. 1991 నుంచి 2002 దాకా సాగిన అంతర్యుద్ధానికి డబ్బు సమకూర్చింది ఆ రాళ్లే. నెత్తుటి వజ్రాలన్న మాట ప్రపంచానికి అలవాటైందీ అప్పుడే. ఆ వ్యాపారాన్ని అడ్డుకోవడానికి కింబర్లీ ప్రక్రియ పేరిట ధ్రువపత్రాల పద్ధతి 2003లో అమల్లోకి వచ్చింది.

కెనెమా బజారులో వజ్రాలు కొనే దుకాణాలు వరుసగా ఉంటాయి. జల్లెడ పట్టి బురదలో రాళ్లు వెతికే కూలీల పిల్లలు ఆ డాక్టర్ వార్డుకు వచ్చేవారు. సూరత్‌లో దిగిన కొత్తలో ఆయన బంధువొకరు ఖజోద్‌లోని డైమండ్ బోర్స్ చూపిస్తానని తీసుకెళ్లారు. 2023 డిసెంబర్ 17న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించిన ఆ భవనం ప్రపంచంలోకెల్లా పెద్ద కార్యాలయ సముదాయాల్లో ఒకటి. బంధువు దాని అంతస్తులూ లిఫ్టులూ లెక్కపెట్టి చెబుతుంటే డాక్టర్‌కు నడుములోతు బురదనీళ్లలో నిలబడ్డ మనుషులే గుర్తొచ్చారు. ఆ మాట పైకి అనలేదు. అంటే మర్యాదగా ఉండదని ఊరుకున్నారు. తిరిగొచ్చాక ఆయన ఎక్కువగా నేర్చుకున్నది ఊరుకోవడమే.

చుట్టాల ప్రశ్నలకు కొదవ లేదు. అక్కడ సింహాలుంటాయా? నల్లవాళ్లతో భయం వేయలేదా? జీతం డాలర్లలో ఇస్తారా? ఆ ప్రశ్నలు అడిగే మేనమామ కొడుకు రోజూ పనికెళ్లేది సచిన్ పారిశ్రామికవాడకు. సూరత్‌కు దక్షిణాన ఉన్న ఆ సచిన్ ఒకప్పుడు ఓ చిన్న సంస్థానం. దాన్ని 1791 నుంచి 1948లో దేశంలో విలీనమయ్యేదాకా ఏలినవారు సిద్దీలు, అంటే ఆఫ్రికా మూలాలున్న నవాబులు. నల్లవాళ్లంటే భయం లేదా అని అడిగే మనిషి నల్ల నవాబుల రాజ్యంలో పొద్దస్తమానం మగ్గం నడిపి వస్తున్నాడు. ఈ సంగతి చెప్పినప్పుడు అతను కాసేపు ఆలోచించి, అయితే వాళ్ల నోట్ల మీద ఎవరి బొమ్మ ఉండేదని అడిగాడు. డాక్టర్ ఆ రోజు చాలా రోజుల తర్వాత పడీపడీ నవ్వారట.

చేతికి చుట్టే పట్టీ

నవ్వు రాని సంగతులే ఎక్కువ. కెనెమాలో జ్వరంతో వచ్చిన ప్రతి బిడ్డకూ మొదట మలేరియా పరీక్ష చేసేవారు. చాలామందికి అదే తేలేది. రక్తం విరిగి, పాలిపోయి, తల్లి ఒళ్లో తల వాల్చేసిన పిల్లలకు గంటలోపు రక్తం ఎక్కించాలి. ఎక్కిస్తే సాయంత్రానికి లేచి కూర్చుంటారు, ఎక్కించకపోతే లేదు. 2024 ఏప్రిల్ 25న సియెర్రా లియోన్ పిల్లలకు మలేరియా టీకా వేయడం మొదలుపెట్టింది. ఆ టీకా తయారీని హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌కు బదలాయించేందుకు 2021లోనే ఒప్పందం కుదిరిందని తెలిసి అక్కడి నర్సులు ఈ తెలుగు డాక్టర్‌ను మీ ఊరి మందే కదా అని ఆటపట్టించేవారు.

లింబాయత్ వచ్చాక కూడా ఆయన చెయ్యి మలేరియా పరీక్షే రాసేది. ల్యాబ్ కుర్రాడు రెండు వారాలు చూసి, సార్, ఇక్కడ డెంగీ, టైఫాయిడ్ ముందు చూడాలి అని మెల్లగా చెప్పాడు. ఏ జబ్బు ముందు గుర్తుకు రావాలన్నది ఊరిని బట్టి మారుతుంది. ఆ వరుస మార్చుకోవడానికి చదువు సరిపోదు, కొంతకాలం కావాలి.

ఆయన సంచిలో కెనెమా నుంచి తెచ్చుకున్న వస్తువు ఒకటే. పిల్లల జబ్బకు చుట్టి కొలిచే కాగితం పట్టీ. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల జబ్బ చుట్టుకొలత 125 మిల్లీమీటర్లు దాటితే పచ్చరంగు, 115కు తగ్గితే ఎరుపు, మధ్యలో పసుపు. తూకం, చార్టు, కరెంటు ఏవీ అక్కర్లేదు. ఎరుపొస్తే బిడ్డ ప్రాణాపాయంలో ఉన్నట్టు. లింబాయత్‌లో ఆ పట్టీతో పని ఉండదని అనుకున్నారాయన. ఓ సాయంత్రం అలవాటుగా ఓ బిడ్డ చేతికి చుట్టారు. పసుపు. మరో ఇంట్లో మళ్లీ పసుపు.

ప్రభుత్వ లెక్కలు తీసి చూస్తే ఆశ్చర్యపడాల్సింది లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గుజరాత్‌లో ఐదేళ్ల లోపు పిల్లల్లో 25 శాతం మంది ఎత్తుకు తగ్గ బరువు లేనివారే. 2019లో సియెర్రా లియోన్‌లో జరిగిన ఇలాంటి సర్వేలో ఆ సంఖ్య సుమారు 5 శాతం. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు గుజరాత్‌లో 39 శాతం, అక్కడ 30 శాతం. ఇక అదే సర్వేల్లో మరో వరుస చూడాలి. ఐదేళ్లు నిండకుండానే చనిపోయే పిల్లలు వెయ్యికి గుజరాత్‌లో సుమారు 38 మంది, సియెర్రా లియోన్‌లో 122 మంది.

అంటే అక్కడ పిల్లలు కాస్త ఒళ్లు చేసి ఉంటారు, కానీ చనిపోతారు. ఇక్కడ పిల్లలు చిక్కిపోయి ఉంటారు, కానీ బతుకుతారు. మలేరియా తక్కువగా ఉండటం, టీకాలు, పది అడుగుల్లో మందుల దుకాణం, ఎలాగోలా అందే సెలైన్ ఇక్కడి పిల్లలను కాపాడుతున్నాయి. కడుపు నింపే పని మాత్రం వాటివల్ల కాదు. 2025 మార్చి 7న లింబాయత్‌లోనే ప్రధాని సభ పెట్టి ఆహార భద్రత చట్టం కింద సూరత్‌లో రెండు లక్షల మందికి పైగా లబ్ధిదారులను చేర్చే కార్యక్రమాన్ని ప్రారంభించారు. గుజరాత్‌లో అంత సంపన్న నగరంలో అంతమందిని కొత్తగా రేషన్‌లో చేర్చాల్సి వచ్చిందంటే ఆ పట్టీ మీది పసుపురంగు ఒక ఇంటిది కాదని తెలుస్తుంది.

తిరిగొచ్చినవాళ్లు సాధారణంగా ఇక్కడ అంతా ఉంది, అక్కడేమీ లేదు అంటారు. లేదంటే ఇదీ అదీ ఒకటేనంటారు. ఈ డాక్టర్ ఆ రెండూ అనరు. రెండు చోట్లా లేనిది ఉంది, కానీ లేనిది వేరువేరు అంటారు.

ఎంతవుతుంది సారూ?

కెనెమా ఆస్పత్రిలో పిల్లల వైద్యానికి డబ్బు అడిగేవారు కాదు. ఆ దేశ ప్రభుత్వం కూడా 2010 ఏప్రిల్‌లోనే గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, ఐదేళ్ల లోపు పిల్లలకు ఉచిత వైద్యం ప్రకటించింది. మందులు, మనుషులు చాలక అది సగం మాటగానే మిగిలిందన్నది వేరే సంగతి. అక్కడి తల్లి అడిగే మొదటి ప్రశ్న బతుకుతుందా అని. లింబాయత్‌లో మొదటి ప్రశ్న ఎంతవుతుంది అని.

అడిగేవాళ్ల తప్పు లేదు. సాంచాల పని మీటర్ల లెక్క. ఎన్ని మీటర్లు దిగితే అంత కూలి. బిడ్డను దవాఖానాకు తీసుకెళ్లాలంటే ఫీజు కాక ఆ రోజు కూలి కూడా పోతుంది. ఆయుష్మాన్ కార్డు ఉంది, గుజరాత్ ప్రభుత్వం 2023 జూలైలో ఆ బీమాను కుటుంబానికి పది లక్షల రూపాయలకు పెంచింది. కానీ అది ఆస్పత్రిలో చేరితేనే అక్కరకొస్తుంది. మూడు రోజుల జ్వరానికీ, దగ్గుకూ, రక్త పరీక్షకూ కాదు. పేదింటి డబ్బు కరిగిపోయేది ఆ చిన్న చిన్న ఖర్చుల దగ్గరే.

దగ్గర్లోని ఉమర్వాడలో కార్పొరేషన్ వారి స్మిమేర్ ఆస్పత్రి ఉంది. మజూరా గేట్ దగ్గర పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి ఉంది. వార్డుల్లో పట్టణ ఆరోగ్య కేంద్రాలున్నాయి. అయితే పగలు తెరిచే ఓపీకి పగలంతా మగ్గం దగ్గర నిలబడేవాడు రాలేడు. రాత్రి షిఫ్టువాడు పగలు నిద్రపోవాలి. కాబట్టి షిఫ్టు దిగే వేళకు తెరిచి ఉండే సందు చివరి బోర్డు దగ్గరికే అందరూ వెళ్తారు. ఆ బోర్డు మీది డిగ్రీ ఏమిటని ఎవరూ అడగరు. 2024 డిసెంబర్‌లో సూరత్ పోలీసులు ఓ నకిలీ డిగ్రీల ముఠాను పట్టుకున్నారు. ఒక్కోటి సుమారు 70 వేల రూపాయలకు దాదాపు 1,200 పట్టాలు అమ్మినట్టు తేల్చారు. వాటితో సూదులు వేసేవాళ్లు తెరిచి ఉంచేది కూడా ఆ వేళలోనే.

డాక్టర్‌కు మొదటి నెలలో ఎదురైన చిక్కు ఇదే. వైరల్ జ్వరానికి పారాసెటమాల్ రాసి, నీళ్లు బాగా తాగించమని చెప్పి పంపితే, సూది ఎయ్యవా సారూ, గ్లూకోజు ఎక్కించవా అని మొహం చూస్తారు. సూది వేయనివాడు డాక్టరే కాదన్నది వాడ నమ్మకం. రెండు రోజుల్లో ఇద్దరు తల్లులు పక్క సందుకు వెళ్లి సూది వేయించుకున్నారు. కెనెమాలో ఆయన మాటకు ఎదురుండేది కాదు, ఎందుకంటే మరో డాక్టర్ ఉండేవాడు కాదు. ఇక్కడ సందుకో బోర్డు. డాక్టర్ కరువున్న చోట పనిచేయడం కన్నా డాక్టర్లు అంగళ్లలా ఉన్న చోట నమ్మకం సంపాదించడమే కష్టమని ఆయనకు తెలిసొచ్చింది.

ఎవరు ఉన్నారు, ఎవరు వెళ్లారు

ఏడేళ్ల వయసులో ఆయన ఓసారి సూరత్ వదిలి పారిపోయారు. 1994 సెప్టెంబర్‌లో తాపీ వరదలు తీశాక వేడ్ రోడ్, కతార్‌గామ్ ప్రాంతాల్లో ప్లేగు వార్త బయటపడింది. యాభై మందికి పైగా చనిపోయారు. నాలుగు రోజుల్లో లక్షలాది మంది రైళ్లెక్కి వెళ్లిపోయారు. ఆయన కుటుంబమూ మూతులకు గుడ్డలు కట్టుకుని వరంగల్ రైలెక్కింది. రోగులకన్నా ముందు ప్రైవేటు డాక్టర్లే చాలామంది ఊరు వదిలారన్న నింద సూరత్ మీద అప్పుడే పడింది. నల్లగొండలో దిగాక ఊరివాళ్లు ఇంట్లోకి రానివ్వలేదనీ, గుడి అరుగు మీద రెండు రాత్రులు పడుకున్నామనీ తల్లి ఇప్పటికీ చెబుతారు.

ఆ మురికి నగరాన్ని కడిగిన ఘనత తెలుగు అధికారి ఎస్.ఆర్. రావుది. 1995 మేలో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఆయన అధికారులను ఏసీ గదుల నుంచి వీధుల్లోకి తెచ్చారు. రెండేళ్లు తిరగకుండానే సూరత్ దేశంలోని శుభ్రమైన నగరాల్లో చేరింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానంలో నిలిచింది. ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు అడిగే, నీళ్ల తొట్లలో దోమ పిల్లలు వెతికే కార్పొరేషన్ సిబ్బంది ఆ దెబ్బతో పుట్టుకొచ్చిన అలవాటే.

కెనెమాకూ అలాంటి సంవత్సరం ఒకటుంది. 2014లో ఎబోలా వచ్చింది. అక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో లస్సా జ్వరం వార్డు చూసే డాక్టర్ షేక్ ఉమర్ ఖాన్ రోగులను వదిలి వెళ్లలేదు. ఆయనకే ఎబోలా సోకి 2014 జూలై 29న చనిపోయారు. 2015 నవంబర్‌లో దేశం ఎబోలా నుంచి బయటపడ్డట్టు ప్రకటించేలోగా అక్కడ దాదాపు 4,000 మంది చనిపోయారు. అందులో రెండు వందల మందికి పైగా వైద్య సిబ్బంది. లింబాయత్ డాక్టర్ దగ్గర పనిచేసిన నర్సుల్లో కొందరు ఆ రోజులు దాటొచ్చినవారు. వాళ్లు దాని గురించి ఎక్కువ మాట్లాడరు. ఎవరెవరు ఆ రోజుల్లో డ్యూటీకి వచ్చారో మాత్రం అందరికీ గుర్తుంది.

కాబట్టి, ఇక ఇక్కడే ఉంటావా, మళ్లీ పోతవా బిడ్డా అని తల్లి అడిగే ప్రశ్న ఆయనకు అంత తేలికైనది కాదు. 

ఖాడీ పొంగిన వారం

2025 జూన్ చివరి వారంలో సూరత్‌లో కుండపోత వాన కురిసింది. ఖాడీలు పొంగి వాటి గట్ల వెంట ఉన్న వాడలు మునిగాయి. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటికి నగరంలో ఎక్కువ భాగం మునిగింది. అది తాపీ వరద. ఖాడీ వరద అలా పేరుకెక్కదు. ఎందుకంటే అది దాదాపు ఏటా వస్తుంది, వచ్చేది ఎప్పుడూ అదే వాడలకు.

డాక్టర్ ఇంట్లోకీ మోకాలి లోతు నీళ్లొచ్చాయి. తల్లి బియ్యం డబ్బా మంచమ్మీదికెత్తి, గ్యాస్ బండను గోడకు కట్టేసి, ఏ కంగారూ లేకుండా చాయ్ పెట్టారు. ఆయన మాత్రం కెనెమాలో నేర్చిన లెక్కలోకి వెళ్లిపోయారు. శుభ్రమైన నీళ్లెక్కడ, మరుగుదొడ్లెన్ని మునిగాయి, పుండ్లున్న కాళ్లెన్ని, ఓఆర్‌ఎస్ పొట్లాలెన్ని. దక్షిణ గుజరాత్‌లో వానాకాలపు బురదతో వచ్చే లెప్టోస్పైరోసిస్ భయం ఎటూ ఉంది. నీళ్లు తీశాక నాలుగు రోజులు ఇల్లిల్లూ తిరిగారు. కార్పొరేషన్ ఆరోగ్య సిబ్బంది అంతకు ముందే క్లోరిన్ మాత్రలు పంచి, బ్లీచింగ్ చల్లి ఉన్నారు. తాను చేయాలనుకున్న పనిలో సగం తన కన్నా ముందే ఎవరో చేసేశారు. మొదట చిన్నబుచ్చుకున్నా తర్వాత అది మంచి వార్తేనని ఒప్పుకున్నారు. తాను లేకపోతే జరగని పని ఏదన్నది అప్పుడే తేలింది.

ఆ తిరుగుడులో ఓ సాంచాల కార్మికుడు కనిపించాడు. రెండు నెలలుగా దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గుదల. పక్క సందు బోర్డు దగ్గర ఇరవై సూదులు అయ్యాయి. గళ్ల పరీక్ష ఒక్కటీ కాలేదు. చేయిస్తే క్షయ. మందులు ఉచితం. పోషణ కోసం నెలకు ఇచ్చే సాయాన్ని కూడా కేంద్రం 2024 నవంబర్‌లో 500 నుంచి 1,000 రూపాయలకు పెంచింది. చిక్కల్లా ఆరు నెలలు మానకుండా మింగడంలోనే. దీపావళికి మగ్గాలు మూతపడతాయి, మనిషి ఊరికెళ్తాడు, మందు ఆగిపోతుంది. ఆ ఇంట్లో నాలుగేళ్ల పిల్ల జబ్బకు పట్టీ చుడితే పసుపు వచ్చింది. ఆ పిల్లకు కూడా ముందుజాగ్రత్త మందు కావాలి.

ఇలాంటి పనికి ఎబోలా లాంటి పేరు రాదు. పత్రికలు రావు. రాత్రి ఏడున్నరకు తెరిచి ఉండే ఓ గది, ఓ రిజిస్టరు, రాని మనిషి కోసం ఇంటికెళ్లి తలుపు తట్టే ఓపిక ఉంటే చాలు. జూలైలో డాక్టర్ అలాంటి గది ఒకటి అద్దెకు తీసుకున్నారు. కింద కండెలు చుట్టే గది, పైన ఆయన గది. స్టెతస్కోపుతో గుండె వినాలంటే కింది మోటారు ఆపించాలి. కరెంటు పోయినప్పుడు రోగులను బాగా చూడొచ్చని ఆయన నవ్వుతారు. పగలు ఓ ప్రైవేటు ఆస్పత్రిలో పని, ఇంటి ఖర్చులకు అదే ఆధారం. రాత్రి ఏడున్నర నుంచి పదిన్నర దాకా ఇక్కడ. ఫీజు ఇచ్చినంత.

ఆగస్టులో ఆయనకు ఓ మెయిల్ వచ్చింది. దక్షిణ సూడాన్‌లో ఏడాది పని. 2011 జూలైలో పుట్టిన ఆ దేశంలో పిల్లల డాక్టర్ అవసరం గురించి ఎవరూ ఆయనకు చెప్పనక్కర్లేదు. అక్కడికెళ్తే రోజుకు ఎన్ని ప్రాణాలు నిలబడతాయో కూడా అంచనా వేయగలరు. లింబాయత్‌లో అలాంటి లెక్క రాదు. ఇక్కడ ఆయన పని వల్ల చనిపోకుండా ఆగిన పిల్లలు కనిపించరు, కాస్త ఒళ్లు చేసిన పిల్లలు కనిపించొచ్చు, అదీ ఏడాదికి గానీ తెలియదు. తల్లికి ఆ మెయిల్ సంగతి చెప్పలేదు. ఆమెకు తెలుసని ఆయనకూ తెలుసు.

జవాబు ఇంకా పంపలేదు. క్షయ మందుల ఆరు నెలలు జనవరికి పూర్తవుతాయని, దీపావళికి ఊరెళ్లిన ఆ కార్మికుడు నవజీవన్ ఎక్కి తిరిగొస్తాడో లేదో చూడాలని మాత్రం అంటున్నారు. రిజిస్టర్‌లో అతని పేరు పక్కన నల్లగొండలోని అన్న ఫోన్ నంబరు, దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రి పేరు రాసి పెట్టుకున్నారు. ఊరెళ్లేముందు అతను వచ్చి, నువ్వు మళ్లీ ఆ దేశం పోతవంట గదా సారూ అన్నాడు. డాక్టర్ నెల రోజుల మందు పొట్లాలు లెక్కపెట్టి చేతికిచ్చి, ముందు నువ్వు తిరిగి రా అన్నారు.

కింద కండెల మోటారు మళ్లీ మొదలైంది. తర్వాతి రోగిని పిలవడానికి ఆయన గొంతు పెంచారు.